కార్డులు, బొమ్మలు, యుద్ధం: మన గ్రంథాలయపు బల్ల మీద ఒక ఆట

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల చరిత్రను, ప్రగతి నివేదికను కార్యదర్శి గారు సవివరంగా చదివి వినిపించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు ఈ జయపురం సంస్థాన ప్రాంతమంతా విశాఖపట్టణం జిల్లాలో భాగంగా ఉండేదనీ, 1992 అక్టోబరు 2న కొరాపుట్ నుండి విడివడి రాయగడ ప్రత్యేక జిల్లా అయినదనీ, ఈ మార్పులన్నింటి మధ్య ఇక్కడి తెలుగు కుటుంబాలు తమ పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తూ వచ్చాయనీ వారు చెప్పారు. నేను దానినే మరల చెప్పి మీ సమయాన్ని వృథా చేయను. నాకిచ్చిన ఇరవై నిమిషాలలో ఒక ఆట గురించి మాట్లాడదలచుకున్నాను. ఆ ఆటను మన గ్రంథాలయంలో నుండి తొలగించాలని కొందరు తల్లిదండ్రులు నాకు విన్నపం ఇచ్చారు. వారు సభలో ఉన్నారు. వారి ఎదుటనే సమాధానం చెప్పడం మర్యాద అని తలచి ఈ విషయాన్ని ఎన్నుకున్నాను.

విన్నపంలోని ప్రధానమైన మాట ఇది: "సరస్వతీ నిలయంలో పేకముక్కలా?" ఆ ప్రశ్నలో ఉన్న బాధ నాకు తెలియనిది కాదు. పేకాట వల్ల జీతం రాళ్ళు ఇంటికి చేరని సంసారాలను ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్నో చూశాను. పరీక్ష ఫీజు కట్టలేక తలవంచుకుని నిలబడిన పిల్లలను చూశాను. కనుక ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. అయితే ముందుగా ఆ ఆట ఏమిటో చెప్పనివ్వండి. చాలామంది దాన్ని దూరం నుండి మాత్రమే చూశారు.

రెండేళ్ళ క్రితం మన పూర్వ విద్యార్థి ఒకరు, తన పేరు చెప్పవద్దన్నారు, పెద్ద పెట్టెనొకదాన్ని పాఠశాలకు కానుకగా తెచ్చారు. దాదాపు పది కిలోల బరువు. పేరు 'గ్లూమ్‌హేవెన్'. ఐజాక్ చిల్డ్రెస్ అనే అమెరికన్ రూపకర్త తయారుచేసిన ఆట, 2017లో వెలువడింది. అందులో చిన్న చిన్న వీరుల బొమ్మలు, గళ్ళు గీసిన పలకలు, వందల కొద్దీ కార్డులు ఉన్నాయి. ఆడేవారు తలా ఒక వీరుని పాత్ర ధరిస్తారు. అందరూ కలిసి ఒక కల్పిత లోకంలో గుహలు, పాడుబడ్డ కోటలు దాటుతూ రాక్షస మూకలతో పోరాడతారు. కథ ఒక రోజుతో ముగియదు. ధారావాహిక నవల వలె వారం వారం సాగుతుంది.

బొమ్మలను పేర్చడం మనకు కొత్త కాదు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. కొండపల్లి పొణికి కర్ర బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు మన బాల్యంలోని బంధువులే. అయితే కొలువులో బొమ్మలు కదలవు. ఈ ఆటలో కదులుతాయి, దెబ్బలు తింటాయి, ఒక్కొక్కప్పుడు పడిపోతాయి. బొమ్మలతో యుద్ధం చేయడానికి ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ఒక పుస్తకమే రాశాడు. అంతకు ముందే 1824లో ప్రష్యా సైనికాధికారులకు శిక్షణ కోసం పాచికలతో, పట్టికలతో ఒక యుద్ధక్రీడ ఉండేది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు ఆ యుద్ధక్రీడకు కథను, పాత్రధారణను జోడించి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను ప్రచురించారు. అందులో కత్తి తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెప్పాలి.

పాచిక పేరు వినగానే మన వాళ్ళకు ధర్మరాజు గుర్తుకు వస్తాడు. నాకు మాత్రం నలుడు గుర్తుకు వస్తాడు. అరణ్యపర్వంలోని ఆ కథలో జూదంలో సర్వస్వం పోగొట్టుకున్న నలునికి ఋతుపర్ణ మహారాజు అక్షహృదయం ఉపదేశిస్తాడు. ఆ ఉపదేశానికి ముందు ఆయన చేసినదేమిటి? దారిలో కనిపించిన విభీతక వృక్షం, అంటే మన తాండ్రచెట్టు, ఆకులెన్నో కాయలెన్నో రథం మీది నుండే లెక్కగట్టి చెప్పాడు. నలుడు నమ్మక, దిగి లెక్కపెట్టి చూసుకున్నాడు. లెక్క సరిపోయింది. జూదపు పిచ్చికి విరుగుడు లెక్క తెలియడమేనని ఆ కథ చెప్పినట్టు నాకు అనిపిస్తుంది. తాండ్రచెట్లకు మన కొండలలో కొరత లేదు. లెక్కపెట్టే ఓపికకే కొరత.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గ్లూమ్‌హేవెన్‌లో పాచికలు లేవు. యుద్ధమంతా కార్డులతో జరుగుతుంది. ఒక్కొక్క వీరునికి తన స్వభావానికి తగిన కార్డులు కొన్ని ఉంటాయి. వీరుని బట్టి అవి ఎనిమిది నుండి పన్నెండు వరకు ఉంటాయి. ప్రతి కార్డుకు పై సగంలో ఒక పని, కింది సగంలో ఒక పని రాసి ఉంటాయి. సాధారణంగా పైన దాడి, కింద నడక. వంతు వచ్చినప్పుడు రెండు కార్డులు ఎంచుకోవాలి. ఒకదాని పై సగం, మరొకదాని కింది సగం వాడాలి. మధ్యలో ఒక సంఖ్య ఉంటుంది. ఎంచుకున్న సంఖ్య చిన్నదైతే ముందు కదలవచ్చు, పెద్దదైతే ఆగవలసి వస్తుంది. ముందు కదలడమే మంచిదనుకోకండి. శత్రువు దగ్గరకు వచ్చేదాకా ఆగి కొట్టడం కొన్నిసార్లు మేలు. ఎవరి చేతిలో ఏ సంఖ్య ఉందో పక్కవానితో కచ్చితంగా చెప్పకూడదు. "నేను కొంచెం తొందరగానే వెళ్తాను" అనవచ్చు. అంతే.

వాడిన కార్డులు పక్కన పెట్టాలి. చేతిలో కార్డులు అయిపోతే వీరుడు విశ్రాంతి తీసుకోవాలి. విశ్రాంతి తీసుకుంటే పక్కన పెట్టినవి తిరిగి చేతికి వస్తాయి, కానీ వాటిలో ఒకటి ఆ పోరాటం ముగిసేవరకు రాదు. అంటే ప్రతి విశ్రాంతికీ వీరుడు కొంచెం తరిగిపోతాడు. ఆడటానికి రెండు కార్డులు మిగలక, విశ్రాంతికీ వీలులేకపోతే అతడు అలసి రంగం నుండి తప్పుకోవాలి. పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఒక కార్డు వదులుకుని ప్రాణం దక్కించుకోవచ్చు. మహాస్త్రాల వంటి కొన్ని కార్డులున్నాయి. అవి ఒక్కసారి ప్రయోగిస్తే ఇక తిరిగి రావు. ఒక్క మాటలో, చేతిలోని కార్డులే వీరుని ఆయువు.

ఈ నియమం మీద మన తొమ్మిదవ తరగతి పిల్లలు చేసిన లెక్కను మీకు చెప్పకుండా ఉండలేను. మహాస్త్రాలు వాడకుండా, విశ్రాంతిని ఒక వంతుగా లెక్కించకుండా, పది కార్డుల వీరుడు ఎన్ని వంతులు నిలుస్తాడు? మొదట అయిదు వంతులు. ఒక కార్డు పోయి తొమ్మిది మిగిలితే నాలుగు. ఎనిమిదికి నాలుగు, ఏడింటికి మూడు, ఆరింటికి మూడు, అయిదింటికి రెండు, నాలుగింటికి రెండు, మూడింటికి ఒకటి, రెండింటికి ఒకటి. మొత్తం ఇరవై అయిదు. ఎనిమిది కార్డులవానికి పదహారు. పన్నెండింటివానికి ముప్పై ఆరు. ఆ మూడు సంఖ్యలను నల్లబల్ల మీద ఒకదాని కింద ఒకటి రాసి ఒక బాలిక వెనక్కి తిరిగి చూసింది. 16, 25, 36. వర్గాలు! కార్డులలో సగానికి వర్గం! ఆ బాలిక అంతకు ముందు గణితంలో మొదటి వరుసలో ఉన్న పిల్ల కాదు.

అక్కడితో వారు ఆగలేదు. పది కార్డుల వీరుడు మొదటి విడతలోనే మహాస్త్రం వాడేస్తే ఏమవుతుంది? తొమ్మిది కార్డుల విడత మొత్తం ఎగిరిపోతుంది. ఇరవై అయిదు వంతులు ఇరవై ఒకటవుతాయి. అదే అస్త్రాన్ని నాలుగు కార్డులు మిగిలినప్పుడు వాడితే పోయేది ఒక్క వంతే. మరి ఎప్పుడు వాడాలి? చివరివరకు దాచుకుంటే వాడకముందే పడిపోవచ్చు. పొదుపు గురించి నేను నీతిశాస్త్ర పీరియడ్‌లో ఎన్ని మాటలు చెప్పినా పిల్లలు ఇంత తర్కించలేదు.

ఇక అదృష్టం సంగతి. అదృష్టం బొత్తిగా లేకపోతే ఆట అంకగణితమైపోతుంది. కనుక దాడి చేసిన ప్రతిసారీ ఇరవై కార్డుల కట్టలో నుండి ఒకటి తీయాలి. అందులో ఆరు కార్డులు దాడిని మార్చవు. అయిదు కార్డులు ఒకటి కలుపుతాయి, అయిదు ఒకటి తీసివేస్తాయి. రెండు కలిపేది ఒకటి, రెండు తీసేది ఒకటి. ఒకటి దాడిని రెట్టింపు చేస్తుంది. ఒకటి దాడిని వమ్ము చేస్తుంది. పాచికకూ ఈ కట్టకూ ఉన్న తేడాను గమనించండి. పాచికకు జ్ఞాపకం లేదు. నిన్న ఒకటి పడినా నేడు ఒకటి పడవచ్చు. కట్టకు జ్ఞాపకం ఉంది. మొదటి కార్డు వమ్ము కావడానికి ఇరవయ్యింట ఒక వంతు అవకాశం. అయిదు కార్డులు తీసినా వమ్ము రాకపోతే ఇప్పుడది పదిహేనింట ఒక వంతు. వమ్మో రెట్టింపో వచ్చిన తరువాత ఆ విడత చివర కట్టను మళ్ళీ కలపాలి. లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. సంభావ్యత పాఠం పదవ తరగతిలో పాఠ్యాంశంగా చెప్పుకుంటున్నాము. ఈ పిల్లలు దాన్ని చేతితో పట్టుకుని చూశారు.

కార్డులతో యుద్ధం చేయడం అమెరికా నుండి దిగుమతి అయిన వింత అని కొందరు పెద్దలు అన్నారు. వారు ఒడిశాలోనే పుట్టి పెరిగినవారు కనుక నాకు కొంచెం ఆశ్చర్యం కలిగింది. గంజపా కార్డులను మరచిపోయారా? పూరీ, రఘురాజ్‌పూర్, సోన్‌పూర్, పర్లాకిమిడి ప్రాంతాల చిత్రకారులు గుడ్డపొరలను చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, గుండ్రంగా కత్తిరించి, బొమ్మలు వేసి చేసే కార్డులవి. ఒక్కొక్క రంగుకు పన్నెండు: రాజు, మంత్రి, ఒకటి నుండి పది. ఎనిమిది రంగుల కట్టలో తొంభై ఆరు, పది రంగుల కట్టలో నూట ఇరవై. పాత ఆటలో ఒక చమత్కారం ఉంది. సగం రంగులలో పది పెద్దది, మిగిలిన సగంలో ఒకటి పెద్దది. పెద్దంతరం చిన్నంతరం రంగును బట్టి తిరగబడుతుంది. రామాయణ గంజపాలో సగం రంగులు రామపక్షానివి, సగం రావణపక్షానివి. లంకాయుద్ధం మొత్తం అరచేతిలో! మొగలుల కాలంలో గంజీఫాగా మన దేశంలో ప్రసిద్ధి పొందిన ఆటను ఇక్కడివారు తమ దేవతలతో, తమ రంగులతో సొంతం చేసుకున్నారు. బాబరు 1527లో సింధు పాలకునికి ఈ కార్డులను కానుకగా పంపినట్లు తన జ్ఞాపకాలలో రాసుకున్నాడు. కనుక ఆట ఎక్కడి నుండి వచ్చిందన్నది పెద్ద ప్రశ్న కాదు. వచ్చిన తరువాత మనం దానితో ఏమి చేశామన్నదే ప్రశ్న.

మనం ఏమి చేశామో చెబుతాను. పెట్టెలోని కార్డులన్నీ ఆంగ్లంలో ఉన్నాయి. అర్థం కాక నెల రోజులు అది బీరువాలోనే ఉంది. తరువాత ఆ నియమాలను అర్థం చేసుకుని పిల్లలు తమ ఆటను తామే తయారుచేసుకున్నారు. పాత శుభలేఖల వెనుక వైపు తెల్లగా ఉంటుంది కదా, వాటిని కత్తిరించి కార్డులు చేశారు. నాగావళి ఒడ్డు బంకమట్టితో బొమ్మలు చేసి ఎండబెట్టారు. నేల మీద చదరపు గళ్ళు కాక తేనెపట్టు గళ్ళు గీశారు. కారణం అడిగితే, చదరపు గడిలో మూలకు పోయే దూరం పక్కకు పోయే దూరం కన్నా ఎక్కువ, ఆరు పక్కల గడిలో ఎటు పోయినా ఒకటేనని ఏడవ తరగతి కుర్రవాడు నాకే పాఠం చెప్పాడు. వారి వీరులు నలుగురు: విలుకాడు, డాలుకాపు, మూలికల వైద్యురాలు, గారడీవాడు. ఒక్కొక్కరికి ఎనిమిది కార్డులు.

ఇక్కడ భాష సంగతి వచ్చింది. నేను ఈ ఆటను కాపాడటానికి ముఖ్య కారణం గణితం కూడా కాదు, ఇదే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, దూరదర్శినిలో హిందీ, ఫోనులో ఆంగ్లం వినే మన పిల్లలకు తెలుగు చదవడం ఏటికేడాది బరువవుతున్నది. వాచకంలో పేరా చదవమంటే వేలు పెట్టి కూడబలుక్కునే పిల్లలు నా బడిలో ఉన్నారని ఈ వేదిక మీద చెప్పడానికి నేను సంకోచించను, మీకూ తెలుసు. కార్డు మీద ఉండేవి రెండే వాక్యాలు. కానీ ఆ రెండింటిని తప్పు చదివితే బొమ్మ పడిపోతుంది. "పక్క గడిలోని శత్రువుపై దాడి" అని ఒక కార్డు. "పక్క గడులలోని శత్రువులపై దాడి" అని మరొకటి. ఏకవచనానికీ బహువచనానికీ ఉన్న తేడా మీద ఒక శనివారం మధ్యాహ్నమంతా వాదన జరిగింది. "తరువాత" అంటే వెంటనేనా, తరువాతి వంతులోనా? "లేదా" అంటే రెండూ చేయవచ్చునా? ఇటువంటి ప్రశ్నలను వ్యాకరణ పీరియడ్‌లో ఏ విద్యార్థీ నన్ను అడగలేదు. దెబ్బ పరిమాణానికి 'క్షతి' అనే మాట నేను సూచించాను. పిల్లలు మర్యాదగా విని, 'దెబ్బ' అని రాసుకున్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేస్తూ సవర భాష నేర్చి, ఆ భాషలో వాచకాలు రాసి, వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఉంటే ఎవరి పక్షం వహించేవారో నాకు తెలుసు కనుక ఊరకున్నాను.

ఒక్క విషయంలో మాత్రం నేను ఊరకుండలేదు. మొదట రాసుకున్న కథలో శత్రువులు అడవిలో గుడిసెలు వేసుకుని, విల్లంబులు పట్టుకుని తిరిగే మనుషులు. విదేశీ కథలలో, మన జానపద చలనచిత్రాలలో చూసినదే వారూ రాశారు. కానీ ఆ బల్ల చుట్టూ కూర్చున్న పిల్లలలో కంధ, సవర కుటుంబాల పిల్లలు ఉన్నారు. ఒక బాలుడు తన వంతు వచ్చినా కార్డు వేయకుండా కూర్చున్నాడు. కారణం ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరమూ లేదు. కొండమీది మనుషులు ఈ ఆటలో శత్రువులు కారాదని ఆనాడే నియమం పెట్టాను. కల్పితమైన ఆటలో ఇంత పట్టుదల ఎందుకని ఒక ఉపాధ్యాయ మిత్రులు అన్నారు. బొమ్మను కొట్టడానికి అలవాటైన చేయి దేన్ని కొడుతున్నదో చూసుకోవాలి కదా. ఇప్పుడు శత్రువులు రాతి ఏనుగులు, మట్టి భూతాలు, గుహలోని గబ్బిలాలు. దారి తప్పిన వీరులకు అడవిలో తోవ చూపే పాత్ర ఒకటి కొత్తగా చేరింది. ఆ పాత్ర కార్డులు రాసినది ఆ బాలుడే. వాటిలోని చెట్ల పేర్లు, తీగల పేర్లు మా తెలుగు పండితులకు కూడా తెలియనివి.

ఇప్పుడు విన్నపానికి నా సమాధానం. పేకాటలో ఒకరి రాబడి మరొకరి పోకడ. ఈ ఆటలో ఆడేవారందరూ ఒకే పక్షం. శత్రువు పక్షాన మనిషి లేడు. దాని కదలికలను కూడా ఒక కార్డుల కట్టే నిర్ణయిస్తుంది. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడతారు. ఓడడం తరచుగానే జరుగుతున్నది. పందెం ఏ రూపంలోనూ లేదు. చింతపిక్కలు పందెం కాసినా ఆ వారం ఆట రద్దు. ఆడేది శనివారం మధ్యాహ్నం మాత్రమే, గ్రంథాలయంలో, ఒక ఉపాధ్యాయుని ఎదుట. ఇంటిపని పూర్తి కాని పిల్లలకు ప్రవేశం లేదు.

విన్నపంలో న్యాయమైన మాటలు కూడా ఉన్నాయి. ఆట ఒకసారి మొదలైతే రెండు గంటలకు తక్కువ కాదు. పరీక్షల నెలలో అది ఎక్కువే. అందుచేత ఫిబ్రవరి, మార్చి మాసాలలో బీరువాకు తాళం వేస్తాను. మొదట్లో ఆడపిల్లలు బల్ల చుట్టూ నిలబడి చూసేవారే తప్ప కూర్చునేవారు కాదని ఒక తల్లి రాశారు. నిజమే. ఇప్పుడు ప్రతి జట్టులో ఇద్దరు బాలికలు ఉండాలి. పెట్టెలోని ఆటను కొనాలంటే చాలా ఖర్చవుతుంది కనుక పిల్లలు ఇంట్లో అడుగుతారేమోనని మరొకరు భయపడ్డారు. శుభలేఖలు, బంకమట్టి చాలునని మీ పిల్లలకు తెలుసు. మిమ్మల్ని అడిగితే శుభలేఖలే అడుగుతారు.

కానీ ఆటను తొలగించమన్న కోరికను నేను మన్నించలేను. ఆ కోరిక మీద నిర్ణయం పాలకవర్గానిది. వారి ముందు కూడా నేను ఇదే చెబుతాను. నిర్ణయానికి ముందు వారినీ, విన్నపం మీద సంతకం చేసిన తల్లిదండ్రులనూ వచ్చే శనివారం రెండు గంటలకు గ్రంథాలయానికి రమ్మని ఆహ్వానిస్తున్నాను. చూడటానికి కాదు, ఆడటానికి. మీ పక్కన కూర్చుని కార్డులు చదివి వినిపించేది మీ పిల్లలే.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ ఇళ్ళలో అటక మీద పాత గంజపా కార్డులు ఉంటే, చిరిగినవైనా సరే, తెచ్చి చూపండి. తీసుకోము, చూసి తిరిగి ఇస్తాము. తాతగార్లు ఆడుతుంటే పక్కన కూర్చుని చూసినవారు మీలో ఉండవచ్చు. ఏ రంగులో ఒకటి పెద్దది, ఏ రంగులో పది పెద్దది, ఎవరు మొదట వేయాలి అన్న వివరాలు గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి కార్యాలయంలో ఇవ్వండి. తెలుగులో రాసినా, ఒడియాలో రాసినా పిల్లలు చదువుకుంటారు. పెళ్ళిళ్ళు అయిపోయిన ఇళ్ళవారు శుభలేఖలు కూడా పంపవచ్చు. తోవ చూపే పాత్రకు ఇంకా మూడు కార్డులు తక్కువగా ఉన్నాయి.